నేను పుట్టిన ఏడాది పీపా

నాకు మద్యం మీద ఉన్న ఇష్టం కన్నా మద్యం వయసు మీద ఉన్న మోహం ఎక్కువ. ఈ మాట ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనలేదు. తాగుడు మాట ఎత్తితేనే తలదించుకునే ఇంటి నుంచి వచ్చినవాణ్ణి కావడం ఒక కారణం. ఆ మోహం దేనిమీదో నాకే సరిగా తెలియకపోవడం రెండో కారణం. రుచి మీదా? అరుదైన వస్తువు నా చేతిలో ఉందన్న గొప్ప మీదా? లేక ఎవరో ఓపికగా దాచిపెట్టిన కాలం మీదా? ఇప్పుడు దాన్ని విప్పి చూసుకుందామని కూర్చున్నాను.

విప్పాలంటే గ్లెన్‌ఫార్‌క్లాస్ అనే విస్కీ డిస్టిలరీ దగ్గర మొదలుపెట్టాలి. ఉద్యోగం కోసం అబర్దీన్‌లో ఉన్న రోజులవి. ఉత్తర సముద్రపు చమురు కంపెనీల పుణ్యమా అని ఆ ఊళ్ళో మన తెలుగువాళ్ళు బాగానే కనిపిస్తారు. అక్కడి నుంచి పడమరగా పోతే స్పే నది లోయ వస్తుంది. స్కాట్లండ్ డిస్టిలరీల్లో పెద్ద భాగం ఆ నది చుట్టుపక్కలే ఉంది. అబర్లౌర్ దాటి గ్రాంటౌన్ వైపు సాగే రోడ్డు పక్కన, బాలిండాలక్ దగ్గర, బెన్ రిన్నెస్ కొండ పాదాన ఉంటుంది గ్లెన్‌ఫార్‌క్లాస్. కొండ ఎత్తు 840 మీటర్లు. దానిమీద కురిసిన వానా మంచూ ఊటలై దిగివస్తే ఆ నీళ్ళతోనే అక్కడ విస్కీ కాస్తారు. చుట్టూ పశువుల మేత పొలాలు. గిడ్డంగుల గోడలూ, దగ్గరి చెట్ల మొదళ్ళూ మసి పట్టినట్టు నల్లగా ఉంటాయి. అది మసి కాదు. పీపాల్లోంచి గాలిలో కలిసే ఆల్కహాల్ ఆవిరిని తిని బతికే బాడొయినియా అనే బూజు. ఆ నలుపును చూసినప్పుడే నాకు మొదటిసారి ఒళ్ళు జలదరించింది. లోపల ఎంతకాలంగా ఏం జరుగుతోందో బయటి రాయి మీద రాసినట్టుంది.

అక్కడ 1836లో రాబర్ట్ హే అనే కౌలు రైతు పేరిట లైసెన్సు ఉంది. 1865 జూన్ 8న జాన్ గ్రాంట్ అనే మరో రైతు దాన్ని 511 పౌండ్ల 19 షిల్లింగులకు కొన్నాడు. ఆయనకు పశువుల పెంపకం ముఖ్యం. పొలం కోసం వచ్చాడు, డిస్టిలరీ దానితో పాటు వచ్చింది. మొదట్లో దాన్ని నడపడానికి జాన్ స్మిత్ అనే బంధువుకు ఇచ్చాడు. ఆయన కొన్నేళ్ళకు వెళ్ళిపోయి దగ్గర్లోనే క్రాగన్‌మోర్ డిస్టిలరీ పెట్టుకున్నాక, గ్రాంట్లే పగ్గాలు పట్టుకున్నారు. అప్పటి నుంచి ఆరు తరాలుగా అది ఆ కుటుంబం చేతిలోనే ఉంది. పెద్దవాడు జాన్ అయితే కొడుకు జార్జ్, అతని కొడుకు మళ్ళీ జాన్. తాత పేరు మనవడికి పెట్టుకునే మన ఇళ్ళవాళ్ళకు ఈ వరుస వేరే చెప్పనక్కర్లేదు.

ఆ కుటుంబ కథలో నన్ను బాగా పట్టుకున్న ఘట్టం 1898 నాటిది. అంతకు కొన్నేళ్ళ ముందు గ్రాంట్ సోదరులు లీత్ రేవులోని పాటిసన్ అనే విస్కీ వ్యాపార సంస్థకు డిస్టిలరీలో సగం వాటా ఇచ్చి భాగస్వాములయ్యారు. రాబర్ట్, వాల్టర్ పాటిసన్లు ఆడంబరానికి పెట్టింది పేరు. ప్రకటనల మీద డబ్బు నీళ్ళలా పోశారు. లేని సరుకును ఉన్నట్టు, చవక సరుకును ఖరీదైనదన్నట్టు లెక్కల్లో చూపించి అప్పు మీద అప్పు తెచ్చారు. 1898 చివర్లో ఆ సంస్థ కుప్పకూలింది. దానితో పాటు స్కాచ్ వ్యాపారమే కుదేలైంది. పాటిసన్ అన్నదమ్ములు మోసం నేరం కింద జైలుకెళ్ళారు. గ్రాంట్లు దివాలా అంచు దాకా పోయి, ఆ అప్పులు తీర్చుకోవడానికి ఏళ్ళు పట్టి, చివరికి డిస్టిలరీని పూర్తిగా తమ చేతిలోకి తెచ్చుకున్నారు. ఆ తర్వాత బయటివాళ్ళకు వాటా ఇవ్వలేదు. నేను మెచ్చే పాత విస్కీ వెనుక ఉన్న అసలు సంగతి ఇది. సరుకును నలభై, యాభై ఏళ్ళు అమ్మకుండా ఉంచాలంటే ఓపిక ఒక్కటే చాలదు. మూడు నెలలకోసారి లాభం లెక్క అడిగే వాటాదారు ఉండకూడదు. ఈ మాట గ్రహించాక, నేను 'ఓపిక' అని పొగిడేదానిలో సొంత ఆస్తి బలం ఎంతో ఉందని ఒప్పుకోవలసి వచ్చింది.

1980లలో స్కాచ్ పరిశ్రమ గోదాముల్లో అమ్ముడుపోని సరుకు పేరుకుపోయింది. 1983లో పోర్ట్ ఎలెన్, బ్రోరా వంటి పేరున్న డిస్టిలరీలు మూతపడ్డాయి. గ్లెన్‌ఫార్‌క్లాస్ మూతపడలేదు. అందుకే 2007లో ఎవరూ చేయని పని చేయగలిగింది. 1952 నుంచి 1994 దాకా ఒక్క ఏడాది తప్పకుండా, ఏడాదికి ఒక పీపా చొప్పున 43 విస్కీలను 'ఫ్యామిలీ కాస్క్స్' పేరుతో సీసాల్లోకి దించింది. వేర్వేరు పీపాలను కలపరు. ఒక పీపాలోది అయిపోతే అంతే. ఆ వరుసలో 1977 ఉంది. నేను పుట్టిన ఏడాది. మా జిల్లాల్లో ఆ ఏడాది పేరు చెబితే ముసలివాళ్ళకు గుర్తొచ్చేది నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన. వేలమంది పోయిన ఏడాది. అదే ఏడాది అక్కడెక్కడో ఒక కొండ కింద, ఆ సంగతి తెలియని పనివాళ్ళు ఒక పీపా నింపి, బిరడా బిగించి, చీకట్లోకి దొర్లించారు. ఆ సీసాను గాజు వెనక చూసినప్పుడు అది నాదే అనిపించింది. ఎందుకు నాదవుతుంది? నేను దాన్ని కాచలేదు, మోయలేదు, కాపాడలేదు. పుట్టిన తేదీ ఒక్కటే నా హక్కు పత్రం. అయినా ఆ కోరిక నా లోపల నిలబడిపోయింది. దాని ధర అప్పటి నా జీతానికి మించింది కాబట్టి కొనలేదు. మనసు మార్చుకున్నందువల్ల మాత్రం కాదు.

ఇక పని సంగతి. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని నూరి, వేడినీళ్ళలో తీపి దింపి, ఈస్టుతో పులియబెట్టి, రాగి బానల్లో రెండుసార్లు కాస్తారు. ఇంతవరకూ స్కాట్లండ్ అంతా దాదాపు ఒకటే. గ్లెన్‌ఫార్‌క్లాస్‌లో తేడా మంట దగ్గర ఉంది. చాలా డిస్టిలరీలు బాన లోపలి గొట్టాల్లోకి ఆవిరి పంపి వేడి చేసుకుంటాయి. అది చవక, అదుపులో ఉంటుంది. ఇక్కడి ఆరు బానల కింద ఇప్పటికీ గ్యాసు మంట నేరుగా తగులుతుంది. స్పే లోయలోకెల్లా పెద్ద బానలవి. మంట నేరుగా తగిలితే లోపలి మడ్డి అడుగంటుతుంది. అడుగంటకుండా గీకడానికి రాగి గొలుసులు బాన అడుగున నిరంతరం తిరుగుతుంటాయి. 1981లో వీళ్ళూ ఒక బానకు ఆవిరి గొట్టాలు పెట్టి చూశారు. వచ్చిన సరుకులో బరువు లేదు, నిండుదనం లేదు. కొద్ది వారాల్లోనే గొట్టాలు పీకేసి మళ్ళీ మంట పెట్టారు. ఇది మొండితనం కాదు. పలచటి సరుకును షెర్రీ పీపాలో నలభై ఏళ్ళు ఉంచితే కొయ్య దాన్ని మింగేస్తుంది. కొయ్యతో అంతకాలం తలపడాలంటే పుట్టుకలోనే బలం ఉండాలి. ఆ బలం అడుగంటీ అంటకుండా మాడే ఆ మడ్డి వల్ల వస్తుంది. ఇంధనం ఆదా చేసుకోగలిగి కూడా చేసుకోని ఆ నిర్ణయం అంటే నాకు గౌరవం. ఆ గౌరవంలో మోహం పాలు లేదని ధైర్యంగా చెప్పగలను.

షెర్రీ పీపా దగ్గరికొస్తే నా మనసు అంత తేటగా లేదు. స్పెయిన్ దక్షిణాన హెరెత్ పట్టణం చుట్టూ తెల్లటి సున్నపు నేలల్లో పలొమీనో ద్రాక్ష పండుతుంది. దానితో చేసే బలమైన వైన్ షెర్రీ. అందులో ఒలొరోసో అనే రకాన్ని గాలి తగిలేలా ఏళ్ళ తరబడి ఉంచుతారు. ముదురు రంగు, అక్రోటు వాసన, పొడి రుచి. బ్రిటన్‌లో ఒకప్పుడు షెర్రీకి గొప్ప గిరాకీ. వైన్ పీపాల్లోనే ఓడల మీద వచ్చేది. రేవుల్లో వైన్ సీసాల్లోకి దించాక ఖాళీ పీపాను తిరిగి స్పెయిన్ పంపడం దండగ. విస్కీ కాచేవాళ్ళు వాటిని చవకగా కొనుక్కునేవాళ్ళు. అంటే ఇవాళ విలాసానికి గుర్తుగా చెప్పుకునే షెర్రీ పీపా పొదుపు కోసం మొదలైంది. 1980లలో స్పెయిన్ తన షెర్రీని తన దేశంలోనే సీసాల్లో నింపాలని కట్టుబాటు చేసింది. బ్రిటన్‌లో షెర్రీ తాగేవాళ్ళూ తగ్గిపోయారు. పీపాల రాక ఆగిపోయింది.

ఇప్పుడు స్పెయిన్‌లో విస్కీ కోసమే కొత్త ఓక్ పీపాలు చేయించి, ఏడాదో రెండేళ్ళో షెర్రీతో నింపి ఉంచి, అది ఒంపేసి స్కాట్లండ్‌కు పంపుతారు. ఆ పీపాకు రుచి అద్దడానికి వాడిన వైన్‌ను ఎవరూ గ్లాసులో పోసుకోరు; అది చాలావరకు వెనిగర్‌కో, మళ్ళీ కాచడానికో పోతుంది. ఒక పానీయానికి వన్నె తేవడానికి ఇంకో పానీయాన్ని పనిముట్టుగా వాడటం ఇది. గ్లెన్‌ఫార్‌క్లాస్ తన ఒలొరోసో పీపాలను హోసే ఇ మిగేల్ మార్టిన్ అనే స్పెయిన్ సంస్థ నుంచి ఏళ్ళుగా తెప్పించుకుంటోంది. ఆ సంగతి దాచుకోదు. రంగు కోసం కారమెల్ కలపడానికి స్కాచ్ చట్టం ఒప్పుకుంటున్నా కలపదు. అయినా ఈ వివరం తెలిసిన రోజు నాలో ఏదో చిన్నబుచ్చుకుంది. నేను ఊహించుకున్నది వేరు: తరతరాల వైన్ పీల్చి పీల్చి అలసిన పీపా, ఓడ ఎక్కి చలిదేశానికి వచ్చి, అక్కడ రెండో బతుకు మొదలుపెట్టడం. చిన్నబుచ్చుకున్నది రుచి మారినందుకు కాదు. నేను అల్లుకున్న కథ చెదిరినందుకు. నా మోహంలో కథ వాటా ఎంతో అక్కడ తేలింది.

ఆ డిస్టిలరీ గిడ్డంగుల సంఖ్య ముప్పైకి పైనే. పాతకాలపు పద్ధతి. రాతి గోడలు, పలకరాళ్ళ కప్పు, కింద మట్టి నేల. పీపాలను మూడు వరసలకు మించి పేర్చరు. లోపల చలి, తేమ, చీకటి. వాసన ఒక్కటే ఒళ్ళంతా కమ్ముకుంటుంది: తడిమట్టి, పాత కొయ్య, ఎండుద్రాక్ష. ఏటా పీపాలోంచి దాదాపు రెండు శాతం ఆవిరై పోతుంది. దేవతల వాటా అంటారు. ఐదు వందల లీటర్ల షెర్రీ పీపా నింపి ఆ లెక్కన వదిలేస్తే, నలభై ఏళ్ళకు సుమారు 220 లీటర్లు మిగులుతుంది. అరవై ఏళ్ళకు 150 లోపు. వయసు మీరిన విస్కీ ధర పెరగడానికి సగం కారణం ఈ లెక్కలోనే ఉంది.

తగ్గేది పరిమాణం ఒక్కటే కాదు. స్కాట్లండ్ చలికీ తేమకీ నీటి కన్నా ఆల్కహాల్ ముందు జారిపోతుంది. 63.5 శాతం దగ్గర నింపిన సరుకు బలం ఏడాదికేడాది తగ్గుతూ వస్తుంది. 40 శాతం కన్నా కిందికి జారితే చట్టం ప్రకారం దాన్ని స్కాచ్ విస్కీ అనకూడదు. యాభై ఏళ్ళు కాపాడిన పీపా ఒక్క చలికాలం ఆలస్యంతో తన పేరే పోగొట్టుకోవచ్చు. అందుకే పాత పీపాలను తరచూ రుచి చూసి, బలం కొలిచి, ఎప్పుడు దించాలో తేలుస్తారు. ఆ నిర్ణయం తీసుకునే మనిషి తాత నింపినదాన్ని రుచి చూస్తున్నాడు. తను నింపించినదాన్ని తన మనవడు చూస్తాడు. 1949 నుంచి 2002 దాకా ఆ సంస్థను నడిపిన జార్జ్ గ్రాంట్ నింపించిన పీపాలే ఇప్పుడు మనం అరుదైనవని పిలిచేవి. తనకు అందని ఫలం కోసం పని చేయడం నాకు చేతకాని పని. నా ఉద్యోగంలో ప్రతిదీ ఈ ఏడాదికే తేలాలి. నా పొదుపు కూడా నా ముసలితనం కోసమే. పీపా ముందు నిలబడితే నాకు కలిగిన భక్తిలో, నాలో లేని గుణం ఎదుట కలిగే బెంగ కూడా ఉంది.

1977 సీసా కొనలేకపోయాను గాని, నలభై ఏళ్ళ గ్లెన్‌ఫార్‌క్లాస్ ఒక కొలత రుచి చూసే అవకాశం వచ్చింది. బ్రిటన్ బార్లలో కొలత అంటే సాధారణంగా 25 మిల్లీలీటర్లు. 46 శాతం బలం. ఎన్నేళ్ళ విస్కీ అయితే అన్ని నిమిషాలు గ్లాసులో ఉంచాలని కొందరంటారు. నేను దాదాపు అలాగే ఉంచాను. రంగు కాచిన తాటిబెల్లం పాకం. వాసన దగ్గర మాత్రం మాటలు చాలవు. మొదట ఖర్జూరం, ఎండిన అంజూర, నారింజ తొక్క. కాసేపటికి లవంగం, వక్క, తోలు అట్టల పుస్తకాల బీరువా తలుపు తెరిచినప్పటి ఊపిరి. మళ్ళీ కాసేపటికి ఆ అన్నింటి కింద బార్లీ తీపి, అంతకాలం తర్వాత కూడా బతికే ఉంది. ఆ గ్లాసును అలా పట్టుకునే ఉండిపోవాలనిపించింది. నోట్లో పెట్టుకున్నాక తీపి వచ్చింది, కారం వచ్చింది. ఆ తర్వాత కొయ్య వగరు వచ్చి నాలుక మీద కూర్చుంది. ఎంతసేపటికీ లేవలేదు.

నా నాలుక చెప్పినది ఇది: వాసనకు ఇది మహారాజు, తాగడానికి దీని తమ్ముడు నయం. నాలుక ఆ మాట వెంటనే చెప్పింది. మనసు ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది. అంత పాతది, అంత అరుదైనది, దానిలో లోటు వెతకడానికి నేనెంతవాణ్ణి అని సర్దిచెప్పుకున్నాను. ఇంటికొచ్చిన స్నేహితులకు ఆ అనుభవం చెబుతూ మొదట ఏళ్ళ సంఖ్య చెప్పేవాణ్ణి, వాసన తర్వాత చెప్పేవాణ్ణి, వగరు సంగతి ఎత్తేవాణ్ణి కాదు. మనవాళ్ళలో ఈ జబ్బు నాకొక్కడికే లేదు. 2022లో సీసాల లెక్కన భారతదేశం ఫ్రాన్సును దాటి స్కాచ్‌కు అతిపెద్ద మార్కెట్టయింది. సీసా మీది అంకెను హోదాగా చదివేవాళ్ళు మనలో ఎందరో. పాత బియ్యానికి ఎక్కువ ధర పెడతాం గాని, ఎంత పాతదైతే అంత మంచిదని గాదెలో ఇరవై ఏళ్ళు ఉంచం. విస్కీ దగ్గర ఆ ఇంగితం ఎటు పోతుందో నన్ను నేను అడుగుతున్నాను.

ఇంకా కష్టమైన ప్రశ్న మా పెద్దమ్మ వేసింది. మాది నెల్లూరు జిల్లా పల్లె. మా పెదనాన్న సారాకు పోయిన మనిషి. కూలి డబ్బులు సాయంత్రానికి సారా అంగడి చేరేవి. ప్రభుత్వమే ప్యాకెట్లలో పోయించిన సారా అది. 1992లో దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు అంగడి మూయించడానికి కదిలినప్పుడు, వాళ్ళ ముందు నిలిచిన రోశమ్మ పేరు జిల్లా అంతా మోగినప్పుడు, మా పెద్దమ్మ కూడా చీపురు పట్టుకుని బయటికొచ్చింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలింది. అప్పటికి పెదనాన్న లేడు. ఏళ్ళ తర్వాత నేను స్కాట్లండ్ నుంచి ఫోను చేసి ఏదో మాటల్లో ఫలానా చోటికి వెళ్ళొచ్చానని చెప్పాను. దాచలేకపోయాను.

"ఏం చూసేదానికి పోయినావు నాయనా అంత దూరం?" అంది.

"నలభై ఏళ్ళు పీపాల్లో దాచిపెడతారు పెద్దమ్మా. తాతలు నింపింది మనవళ్ళు తీస్తారు."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఎన్నేళ్ళు దాచినా సారా సారానే గదా నాయనా" అంది. కోపంగా అనలేదు. తెలుసుకోవాలని అడిగినట్టే అంది.

ఆ ప్రశ్నకు నేను ఫోనులో జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలి. పెద్దమ్మ అన్నది నిజం. గ్లాసులో ఉన్న ఎథనాల్ ఒకటే. కాలేయానికి షెర్రీ పీపా ఏదో, ప్లాస్టిక్ ప్యాకెట్ ఏదో తెలియదు. మా ఊరి కూలీ తాగితే వ్యసనం, నేను తాగితే అభిరుచి అనే తేడా మందులో లేదు, మా ఇద్దరి జేబుల్లో ఉంది. నెమ్మదిగా, కొలత పెట్టుకుని, వాసన చూస్తూ తాగే తీరిక నాకు చదువు ఇచ్చింది, జీతం ఇచ్చింది. పెదనాన్నకు ఆ రెండూ లేవు; పగలంతా ఎండలో ఒంగిన నడుము ఉంది. నేను మెచ్చుకునే పాతదనాన్ని నైతికమైన గొప్పగా చెప్పుకునే హక్కు నాకు లేదు. కొండ కింద ఆరు తరాల పనితనం నిజం. మా ఊళ్ళో తాళి తెగిన ఇళ్ళూ నిజం. ఒకదాన్ని చెప్పడానికి రెండోదాన్ని కప్పిపెట్టనవసరం లేదని నాకు ఇన్నేళ్ళకు ధైర్యం వచ్చింది.

వయసు అంకె మీద నా భ్రమను బాగా సడలించింది మాత్రం బెంగళూరు. అక్కడి అమృత్ డిస్టిలరీ 1948లో మొదలైంది. తన సింగిల్ మాల్ట్‌ను 2004లో తీసుకెళ్ళి గ్లాస్గోలోనే విడుదల చేసింది. బెంగళూరు ఎండకు పీపాలోంచి ఏటా పది, పన్నెండు శాతం ఆవిరైపోతుంది. స్కాట్లండ్ ఐదు వందల లీటర్ల పీపానే తెచ్చి పదకొండు శాతం లెక్కన ఇక్కడ నలభై ఏళ్ళు ఉంచితే ఐదు లీటర్లు కూడా మిగలదు. అందుకే వాళ్ళు ఎనిమిదేళ్ళు నిలిచిన విస్కీకి 2013లో 'గ్రీడీ ఏంజెల్స్' అని పేరు పెట్టి, అరుదైనదిగా అమ్మారు. ఎండలో సరుకు కొయ్యతో వేగంగా కలుస్తుంది, ముదురుతుంది. కాబట్టి సీసా మీది అంకె విస్కీ మంచితనాన్ని చెప్పదు, అది పెరిగిన చోటి చలిని చెబుతుంది. మా దక్కను ఎండలో ఎనిమిదేళ్ళు కాపాడటం కూడా కాపాడటమే. ఈ సంగతి తెలిశాక నాలో 'నలభై' అనే మాటకు ఉన్న బరువు చాలా తగ్గింది.

ఇక అరుదుదనానికి పరాకాష్ఠ ఎక్కడుందో కూడా చెప్పుకోవాలి. స్పే నది ఒడ్డునే మెకాలన్ డిస్టిలరీ ఉంది. అక్కడ 1926లో కాచి 263వ నంబరు షెర్రీ పీపాలో నింపిన విస్కీని అరవై ఏళ్ళకు, 1986లో దించితే నలభై సీసాలే వచ్చాయి. కొన్నింటికి పీటర్ బ్లేక్, కొన్నింటికి వలేరియో అదామి అనే చిత్రకారులు లేబుళ్ళు గీశారు. వాటిలో ఒక సీసా 2023 నవంబరులో లండన్ సదబీస్ వేలంలో దాదాపు 22 లక్షల పౌండ్లకు పోయింది. ఆ వార్త చదివినప్పుడు నాకు అసూయ కలగలేదు, దిగులు కలిగింది. ఆ ధరకు కొన్నవాడు బిరడా తీయడు. తీస్తే దాని విలువ పోతుంది. అరవై ఏళ్ళు ఎవరి నోటి కోసమో, ఎవరి సంతోషం కోసమో కాపాడిన పదార్థం గాజులో ఖైదయి చేతులు మారుతూ ఉంటుంది. గాజులోకి వచ్చాక విస్కీ ఇక ముదరదు. పీపాలో గడిచిన కాలమే దాని వయసు. సీసాలో గడిచిన కాలం ఎవరికీ పనికిరాదు. అలాంటి సీసాను పెట్టుబడి అని పిలవడం చూస్తే ఆ పీపా నింపిన పనివాళ్ళకు అన్యాయం జరిగినట్టే నాకు అనిపిస్తుంది. నేను 1977 సీసా కొని ఉంటే తెరిచేవాణ్ణా? నిజాయితీగా చెప్పాలంటే, తెరిచేవాణ్ణి కాదు. హాల్లో పెట్టి చూపించేవాణ్ణి. నా మోహంలో పెద్ద వాటా దేనిదో ఈ ఒక్క జవాబుతో తేలిపోయింది.

అందుకని ఆ కోరికను వదిలేశాను. గ్లెన్‌ఫార్‌క్లాస్ వాళ్ళు చేసే వాటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది 46 శాతం బలంతో వచ్చే పదిహేనేళ్ళది. ఎండుద్రాక్ష తీపీ, బార్లీ నిండుదనం, మంట ఇచ్చిన బరువూ అందులో సమపాళ్ళలో ఉన్నాయి; కొయ్య ఇంకా గొంతు పెంచలేదు. నలభై ఏళ్ళదాన్ని వాసన చూసే అదృష్టం మళ్ళీ వస్తే కాదనను. కొని దాచుకోను.

తాగే అలవాటు లేనివాళ్ళకు నా మనవి ఒక్కటే: ఈ నాలుగు మాటలు చదివి మొదలుపెట్టవద్దు. మా పెద్దమ్మ మాట గుర్తుంచుకోండి. అలవాటున్నవాళ్ళు మీ బీరువాలో అలాంటి పాత సీసా ఏదైనా ఉంటే, దాని ధర ఇంకా పెరుగుతుందని ఎదురుచూడకండి. మీకు కావలసినవాళ్ళను నలుగురిని పిలిచి, వయసు చెప్పకుండా తలా కొంచెం పోసి, ఎలా ఉందో వాళ్ళనే చెప్పనివ్వండి.